నాన్న సంతకం ఒక్కటే చాలదు

మా వైపు దాన్ని చెడుగుడు అంటారు. కాలేజీలో చేరాక అది కబడ్డీ అయింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక టీవీలో దీపాల కాంతి కింద, మ్యాట్ మీద ఆడే పెద్ద ఆట అయింది. 'తెలుగు టైటాన్స్' అని మనకూ ఒక జట్టు వచ్చింది. మా ఊళ్ళో రాత్రి భోజనాలయ్యాక ఆ పోటీలు చూసే పెద్దవాళ్ళు, పట్టు సరిగ్గా పట్టలేదని టీవీ మీద కేకలు వేస్తారు. వాళ్ళలో సగం మంది కుర్రతనంలో కూత పట్టినవాళ్ళే. కాని ఆ పెద్దమనుషుల్లో ఎవరి దగ్గరికైనా సొంత కొడుకు వెళ్ళి "కాలేజీ జట్టులో ఆడతాను నాన్నా" అంటే వచ్చే జవాబు ఒక్కటే. "కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటావు. బుద్ధిగా చదువుకోరా." కూతురు అడిగితే ఆ జవాబు కూడా రాదు. వంటింట్లోంచి అమ్మ ఒక చూపు చూస్తుంది, అంతే.

ఈ జవాబును మనం హాస్టల్ గదుల్లో ఎంత వేళాకోళం చేస్తామో అందరికీ తెలుసు. "మా నాన్న వట్టి పిరికి" అనేవాడొకడు, "పల్లెటూరి వాళ్ళకు ఆటల విలువేం తెలుసు" అనేవాడొకడు. క్రీడా దినోత్సవం నాడు వేదికెక్కిన పెద్దలు సైతం "తల్లిదండ్రుల్లో క్రీడా చైతన్యం రావాలి" అని తప్పకుండా ఒక వాక్యం సెలవిస్తారు. చప్పట్లు కొడతాం. ఈ వ్యాసం ఆ వాక్యంతో పేచీ పెట్టుకోవడానికే రాస్తున్నాను. మన నాన్నలు పిరికివాళ్ళు కారు. వాళ్ళ భయంలో మనం వేసుకోని లెక్క ఒకటుంది. ఆ లెక్క తప్పని చూపించవలసిన బాధ్యత కాలేజీది, స్టూడెంట్స్ యూనియన్‌ది, ఆటలంటే ప్రేమ వున్న మనందరిదీ. అది వదిలిపెట్టి వాళ్ళ చైతన్యం గురించి ఉపన్యాసాలిస్తే ఏం లాభం?

రైతు ఇంట్లో పుట్టినవాడికి ఒక సంగతి బాగా తెలుసు. ఒంటికి దెబ్బ తగులుతుందని రైతు ఏ పనీ మానుకోడు. కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు, అర్ధరాత్రయినా సరే, తడికాళ్ళతో వెళ్ళి మోటారు స్విచ్చి వేస్తాడు. గట్టు మీద పాముంటుందని తెలిసీ టార్చిలైటు పట్టుకుని నీళ్ళు కట్టడానికి పోతాడు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మిరపతోటకు మందు కొడతాడు. నూర్పిడి మిషను పక్కన పదిహేనేళ్ళ కొడుకును నిలబెట్టి పని చేయిస్తాడు. కొమ్ములు విసిరే ఎద్దును ఆ కొడుకు చేతికే ఇస్తాడు. ఇన్ని చేయించిన మనిషి, మెత్తటి మట్టిలో పదమూడు మీటర్ల బరిలో ఏడుగురితో కలిసి ఆడతానంటే ఎందుకు వద్దంటాడు? దీన్ని పిరికితనం అనేవాళ్ళు ఒక్కరోజు మా పొలానికొచ్చి మోటారు వేసి చూడాలి.

అసలు సంగతి దెబ్బలో లేదు, దెబ్బ తర్వాత జరిగేదాంట్లో వుంది. కోతల వేళ కొడుకు కాలు విరిగిందనుకోండి. ముందు ఒక మనిషి పని పోతుంది. వాణ్ణి ఆస్పత్రికి తిప్పడానికి రెండో మనిషి పని పోతుంది. ఆటో కిరాయి, ఫొటోలు, స్కానింగు, కట్టు, మందులు. చేతిలో డబ్బు వుండేది పంట అమ్మాకే గదా, అప్పటిదాకా రెండు రూపాయల వడ్డీకి తేవాలి. పరీక్షలు దగ్గరపడితే సెమిస్టరు పోతుంది. ఈ లెక్క నాన్నకు కాగితం కలం అక్కర్లేకుండా నోటికి వచ్చు.

అంతకంటే పెద్దది ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. దుక్కి దున్నుతూ ఎద్దు పొడిస్తే ఊరంతా వచ్చి పలకరిస్తుంది. "పాపం, పని చేసుకునే పిల్లవాడు" అంటారు. ఒకరు పాలు పంపిస్తారు, ఒకరు మన మడికి నీళ్ళు కట్టి పోతారు. చెడుగుడు ఆడి కాలు విరిగితే? "ఎవరాడమన్నారు?" అంటారు. ఆ ఖర్చుకు దండగ ఖర్చని పేరు. దెబ్బ ఒకటే, ఎముక ఒకటే. కాని ఒకదానికి ఊరి సానుభూతి వుంది, రెండోదానికి చీవాట్లున్నాయి. ఆ చీవాట్లు పడవలసింది కొడుకు కాదు, తండ్రి. "పిల్లవాణ్ణి అదుపులో పెట్టుకోలేకపోయావా?" అని అడిగేది ఆయన్నే.

ఇప్పుడు కాగితం సంగతికి వస్తాను. కాలేజీ జట్టుకు ఎంపికైనవాడికి ఒక ఫారం ఇస్తారు. మన దగ్గరే అని కాదు, నా స్నేహితులు చదివే కాలేజీల్లోనూ ఇదే తంతు. అందులో వుండేది ఇంతే: మా అబ్బాయిని ఫలానా పోటీలకు పంపడానికి సమ్మతిస్తున్నాను, ఆటలో గాని ప్రయాణంలో గాని వాడికి ఏం జరిగినా కాలేజీవారికి ఎట్టి బాధ్యతా లేదు. కింద తండ్రి సంతకం, లేదా వేలిముద్ర. హాస్టల్లో వుండేవాళ్ళు నాలుగొందల రూపాయలు బస్సుకు పెట్టి ఇంటికి పోలేక ఆ సంతకం తామే గిలికేయడం మనందరికీ తెలిసిన రహస్యం. ఫిజికల్ డైరెక్టరు గారికీ తెలుసునేమో, నేను చెప్పను.

ఆ ఫారాన్ని ఒకసారి తండ్రి కళ్ళతో చదవండి. పిల్లవాడు మీ దగ్గర వుంటాడు, మీ జెర్సీ వేసుకుంటాడు, గెలిస్తే కప్పు మీ అద్దాల బీరువాలో పెడతారు, ఫొటో ఈ సావనీరులోనే వేస్తారు. పడితే మాత్రం వాడు నావాడు! పొలం కౌలుకిచ్చేటప్పుడు కూడా ఇంత ఒంటివైపు కాగితం ఎవరూ రాయించుకోరు. నష్టమంతా తన మీద రాయించుకుని, ఆనక "మీకు క్రీడా చైతన్యం లేదు" అంటే ఆ మనిషికి నవ్వు రాదా?

భయానికి ఆధారం వుందా లేదా అన్నది చూద్దాం. వుంది. దాచి లాభం లేదు. కబడ్డీ గాయాల్లో మనం ఎముక గురించే ఎక్కువ మాట్లాడతాం గాని, ఆటగాడి జీవితాన్ని తలకిందులు చేసేది చాలాసార్లు మోకాలు. మోకాలి లోపల ఎముకను ఎముకతో బిగించి పట్టే లిగమెంట్లు వుంటాయి. పాదం నేలలో నాటుకుపోయి ఒళ్ళు ఒకవైపు తిరిగినప్పుడు, చీలమండ పట్టుకున్నవాడు ఒకవైపు లాగుతుంటే గీతకోసం మనం ఇంకోవైపు దూకినప్పుడు, లోపలి క్రూసియేట్ లిగమెంటు తెగుతుంది. కొందరికి టప్పుమని వినిపిస్తుంది కూడా. కొద్ది గంటల్లో వాస్తుంది. ఇక్కడే మన ఊళ్ళల్లో అసలు ప్రమాదం మొదలవుతుంది. ఎక్స్‌రే తీయిస్తారు. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక, లిగమెంటు కనిపించదు. "ఎముక బాగానే వుంది, ఏం లేదు" అనే మాటతో ఇంటికొస్తారు. లేదా కట్టు కట్టించుకొస్తారు. పుత్తూరు కట్టుకు ఎంత పేరుందో తెలియనిది కాదు, నేను దాన్ని తీసిపారేయడం లేదు. విరిగిన ఎముకకు కట్టు వేరు, తెగిన లిగమెంటు సంగతి వేరు. వాపు తగ్గుతుంది, నడుస్తాడు, నెల తిరక్కుండా బరిలోకి దిగుతాడు. మోకాలు పట్టు తప్పి మళ్ళీ పడతాడు. ఈసారి లోపలున్న మెత్తటి గిన్నె కూడా చీలుతుంది. ముప్పై ఏళ్ళకే గట్టెక్కలేని మోకాలు! రైతుకు గట్టెక్కలేని మోకాలంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఇదే దెబ్బ డబ్బున్న చోట ఏమవుతుందో చూడండి. 2022లో పవన్ సెహ్రావత్‌ను తమిళ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షలకు వేలంలో కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజనంతా బయట కూర్చున్నాడు. అక్కడితో కథ ముగియలేదు. వైద్యం జరిగింది, మెల్లగా కండరం బలపరిచే వ్యాయామం చేయించారు, తొందరపడి దింపలేదు. మరుసటి ఏడు, 2023లో, హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఆడి స్వర్ణంతో తిరిగొచ్చాడు. ఆ ఏడే మన తెలుగు టైటాన్స్ అతన్ని 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నది. మోకాలు అందరిదీ ఒకే మాంసంతో చేసిందే. కాని అతని మోకాలి చుట్టూ డాక్టరు వున్నాడు, ఫిజియో వున్నాడు, ఆగమని చెప్పే కోచ్ వున్నాడు. మన కాలేజీ కుర్రాడి మోకాలి చుట్టూ ఒక క్రేప్ బ్యాండేజీ వుంది, అది కూడా వాలీబాల్ జట్టుతో పంచుకోవాలి.

మోకాలికంటే నాకు ఎక్కువ భయం వేసేది తల. నలుగురు కలిసి ఒకణ్ణి పడగొట్టేటప్పుడు రెండు తలలు ఢీకొనడం, వెనక్కి పడి నేలకు తల తగలడం పల్లె పోటీల్లో మామూలు. అప్పుడేం చేస్తారు? ముఖాన నీళ్ళు చల్లుతారు. "ఏం కాలేదురా, లే" అంటారు. లేచి నిలబడితే చప్పట్లు. మళ్ళీ బరిలోకి! ఆ చప్పట్లకు నాకు ఒళ్ళు మండుతుంది. తల అదిరినప్పుడు మెదడుకు తగిలే ఆ దెబ్బను కంకషన్ అంటారు. స్పృహ తప్పక్కర్లేదు. రక్తం రానక్కర్లేదు. స్కానింగులో కూడా చాలాసార్లు ఏమీ కనబడదు. కళ్ళు తిరగడం, తలనొప్పి, వాంతి, స్కోరెంతో గుర్తులేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పడం, ఇవే గుర్తులు. అది మానకముందే రెండో దెబ్బ తగిలితే, ముఖ్యంగా చిన్న వయసులో, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ప్రపంచమంతటా ఇప్పుడు ఒకటే సూత్రం: అనుమానం వస్తే చాలు బయటికి తేవాలి, ఆ రోజు మళ్ళీ దింపకూడదు. దీనికి డబ్బు ఖర్చు లేదు. కాస్త తెలివిడి, "వద్దు" అనగల మనిషి ఒకడు కావాలి.

ఈ విషయంలో పరాయి దేశపు ఉదాహరణ ఒకటి చెప్పక తప్పదు. అమెరికాలో ఫుట్‌బాల్ అనే ఆట మన ఫుట్‌బాల్ కాదు, మీద పడి కూలదోసే ఆట. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ పిల్లవాడికి స్కూలు పోటీలో తలకు దెబ్బ తగిలింది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ దింపారు. ఆట అయ్యాక కుప్పకూలిపోయాడు. పుర్రె తెరిచి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. బతికాడు గాని మళ్ళీ నిలబడడానికి ఏళ్ళు పట్టింది. ఆ తల్లిదండ్రులు ఇంట్లో కూర్చుని ఏడ్చి ఊరుకోలేదు. వాళ్ళ పోరాటంతో 2009లో ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. తల దెబ్బ అనుమానం వుంటే ఆటగాణ్ణి వెంటనే బయటికి తీసుకురావాలి, తగిన వైద్యుడు రాసివ్వనిదే తిరిగి దింపరాదు. 2014కల్లా ఆ దేశంలోని 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చేశాయి. 2015లో అక్కడి సాకర్ సంఘం పదేళ్ళు, అంతకు లోపు పిల్లలు బంతిని తలతో కొట్టడం నిషేధించింది. దాని వెనకా తల్లిదండ్రులు వేసిన దావా వుంది.

అక్కడా తల్లులు భయపడ్డారు, ఇక్కడా భయపడుతున్నారు. అక్కడి భయం చట్టమై ఆట రూపాన్ని మార్చింది. ఇక్కడి భయం గడప దాటదు, పిల్లవాణ్ణి దాటనివ్వదు. ఎందుకంటే మన తల్లిదండ్రులు ఆ భయాన్ని తీసుకెళ్ళి చెప్పుకోవడానికి ఒక చోటంటూ మనం పెట్టలేదు. పెట్టింది ఫారం ఒక్కటే.

నేల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, సైన్సు విద్యార్థిని కదా, క్షమించాలి. 60 కిలోల కుర్రాడు సెకనుకు 5 మీటర్ల వేగంతో గీతమీదికి దూకాడనుకుందాం. గట్టి నేల మీద పడి సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో ఆగిపోతే వాడి ఒంటి మీద పడే సగటు బలం 6000 న్యూటన్లు. మా ఇంటి భాషలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు ఎనిమిది మీద పడినట్టు. అదే కుర్రాడు గుల్లగా వున్న మట్టిలో జారుతూ సెకనులో అయిదో వంతు తీసుకుని ఆగితే 1500 న్యూటన్లు, అంటే రెండు బస్తాలు. ఆట మారలేదు, ఆటగాడు మారలేదు. ఆగడానికి దొరికిన సమయం నాలుగు రెట్లయింది, దెబ్బ నాలుగో వంతుకు దిగింది. న్యూటన్ పేరు వినని మన పహిల్వాన్లకు ఇది తెలుసు. కుస్తీ గోదాలో మట్టిని రోజూ తవ్వి, రాయీ రప్పా ఏరి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా వుంచేవాళ్ళు. మా ఊళ్ళో సంక్రాంతి పోటీలకు ముందు కూడా బరిని నాగలితో దున్ని, గడ్డలు చితక్కొట్టి, నీళ్ళు చల్లి ఆరబెట్టడం నేను చూశాను. మరి కాలేజీలో? పరేడ్ చేసే గ్రౌండులో, లారీలు తిరిగిన నేల మీద, సున్నంతో గీతలు గీసి బరి అంటున్నాం. మ్యాట్ ఖరీదని అందరికీ తెలుసు, అది రేపే రావాలని అడగను. గడ్డపారలు నాలుగు, ఒక ట్రాక్టరు ఎర్రమట్టి, ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లకు ఒక ఆదివారం. ఇది కూడా చేతకాదా?

బరువు సంగతి ఇంకొకటి. పెద్ద పోటీల్లో పురుషులకు 85, స్త్రీలకు 75 కిలోల పరిమితి పెట్టి తూచి మరీ దింపుతారు. పండుగ పోటీల్లో తూకం లేదు. యాభై కిలోల ఇంటర్ కుర్రాణ్ణి తొంభై కిలోల మనిషి నడుం పట్టి ఎత్తేస్తుంటే జనం ఈలలు వేస్తారు. ఇలాంటి పోటీలకు వెళ్ళకూడదని నేను మా తమ్ముడికి ఖచ్చితంగా చెప్పాను. పందాలు, రాత్రి తాగి వచ్చే గుంపులు, రిఫరీ మీద కొట్లాటలు, ఇవన్నీ చూసిన తండ్రి "ఆటలొద్దు" అంటే ఆ మాటలో కబడ్డీ ఒక్కటే లేదు, ఈ మందంతా వుంది. (ఇదే తండ్రి ఇంటర్ పాసవగానే మోటారు సైకిలు కొనిపెడతాడు, హెల్మెట్ ఏదని అడగడు. అది కూడా నిజమే. ఆ పేచీ ఇంకో ఏడు సావనీరుకు దాచుకుంటాను.)

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. 2010 గ్వాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మహిళల కబడ్డీని మొదటిసారి చేర్చారు, మనవాళ్ళే స్వర్ణం గెలిచారు. అయినా మన కాలేజీ మహిళా జట్టుకు ఏడుగురు దొరకడం కష్టంగా వుందని అంటారు. అమ్మ భయం కాలు గురించి కొంత, ముఖం గురించి ఎంతో. ముఖాన మచ్చ పడితే సంబంధం ఎలా వస్తుంది, నిక్కరు వేసుకుని ఆడిందని ఎవరైనా ఫోన్లో ఫొటో తీస్తే? నిజామాబాద్ నిఖత్ జరీన్ ఇంట్లోనూ ఇదే జరిగింది. బాక్సింగ్ నేర్చుకునే తొలి రోజుల్లో మగపిల్లలతో తలపడి, కన్ను వాచి, ముక్కున రక్తంతో ఇంటికొస్తే తల్లి ఏడ్చింది, ఈ పిల్లకు పెళ్ళెలా అవుతుందని బెంగపడింది. 2017లో భుజం గాయమై ఎన్నో నెలలు ఆటకు దూరమైంది. తర్వాత 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఈ కథను సభల్లో ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. అందులో నాకు కనిపించేది ఇంకొకటుంది. ఆమె తండ్రి స్వయంగా ఆటగాడు. ఏ దెబ్బ మానుతుంది, ఏది మానదు, ఎప్పుడు ఆగాలి అన్నది తెలిసిన మనిషి ఇంట్లోనే వున్నాడు. ప్రతి ఇంట్లో అలాంటి తండ్రి వుండడు. ఆ తెలిసిన మనిషి స్థానంలో వుండవలసింది కాలేజీ.

పైగా పరుగు, మలుపు, దూకుడు వున్న ఆటల్లో మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం ఆడపిల్లలకు మగపిల్లలకంటే ఎక్కువని వైద్యులు తేల్చారు. దీన్ని వినగానే "అదుగో, అందుకే వద్దన్నాం" అనేవాళ్ళు వెంటనే లేస్తారని తెలుసు. వాళ్ళు మిగతాది కూడా వినాలి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ ఆడపిల్లల మీద 2008లో ఒక పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. ఆటకు ముందు ఇరవై నిమిషాలు ఒక పద్ధతి ప్రకారం పరుగు, తొడ కండరాలకు బలం, ఒంటికాలి మీద నిలకడ, దూకి మోకాలు వంచి దిగడం చేయించారు. చేసినవాళ్ళల్లో తీవ్రమైన గాయాలు దాదాపు సగమయ్యాయి. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, నేర్పేవాడుండాలి. మన దగ్గర వార్మప్ అంటే గ్రౌండు చుట్టూ రెండు చుట్లు, ఆ రెండో చుట్టు కూడా సగం మంది అడ్డదారిలో.

ఇంత చెప్పి నేను అడిగేది ఇది. తండ్రి సంతకం పెట్టే ఫారం వెనక పేజీ ఖాళీగానే వుంటుంది. ఆ పేజీ మీద కాలేజీ కూడా రాసి సంతకం పెట్టాలి. మీ అబ్బాయిని లేదా అమ్మాయిని ఇరవై నిమిషాల వార్మప్ లేకుండా ఆడించం. తవ్వని నేల మీద ఆడించం. ప్రతి మ్యాచ్ దగ్గరా ప్రథమ చికిత్స నేర్చిన ఒక మనిషి, ఐసు పెట్టె, ఆస్పత్రికి తీసుకుపోయే బండి వుంటాయి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్ళీ దింపం, ఎంత కీలకమైన ఫైనలయినా సరే. దెబ్బ తగిలిన సంగతి ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేసి చెబుతాం. (ఇది చిన్న విషయమనుకోకండి. నెల తర్వాత ఎవరో పక్కూరివాడి నోట విన్న తండ్రికి కాలేజీ మీద ఇంకెప్పటికీ నమ్మకం కుదరదు.) వైద్యానికి అయ్యే మొదటి ఖర్చు గేమ్స్ ఫీజు నుంచి ఇస్తాం. పరీక్ష పోతే హాజరు విషయంలో ఆదుకుంటాం. ప్రిన్సిపాల్ గారి సంతకం, ఫిజికల్ డైరెక్టరు గారి సంతకం, స్టూడెంట్స్ యూనియన్ గేమ్స్ సెక్రటరీ సంతకం.

గేమ్స్ ఫీజు అందరం కడుతున్నాం, ఆడేవాడూ ఆడనివాడూ కూడా. ఆ డబ్బులో జెర్సీలకు, కప్పులకు, ముఖ్య అతిథి శాలువాలకు ఎంత పోతోందో, గాయానికి ఎంత మిగులుతోందో యూనియన్ వారు జనరల్ బాడీలో ఒక కాగితం మీద చదివి వినిపిస్తే బాగుంటుంది. ఎవరో తిన్నారని నేననడం లేదు. గాయం అనే పద్దు ఆ లెక్కల్లో అసలు వుందా అన్నదే నా ప్రశ్న. జట్లకు ఏడాదికొకసారి కలిసి బీమా చేయించడం ఎంతవుతుందో కూడా కనుక్కోవాలి. పశువులకు బీమా చేయించుకునే రైతుల పిల్లలం మనం!

ఈ మాట ఒక లెక్చరరు గారితో అంటే ఆయన ఒక ఆక్షేపణ చెప్పారు, అది తేలిగ్గా తీసేసేది కాదు. "బాధ్యత రాసివ్వమంటే కాలేజీలు ఏం చేస్తాయో తెలుసా? ఆటే తీసేస్తాయి. చదరంగం, క్యారమ్స్ మాత్రం మిగులుతాయి. ఇప్పుడున్న ఫారం అన్యాయమైనదే, కాని దానివల్లనే కబడ్డీ ఇంకా బతికుంది" అన్నారు. రెండ్రోజులు ఆలోచించాను. ఆయన చెప్పింది సగం నిజం. ప్రమాదం జరిగితే మా మీదికి వస్తుందంటే వెనక్కి తగ్గే అధికారులు వుంటారు. కాని ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఆట పేరుకు వుంది, ఆడేవాడు తగ్గిపోతున్నాడు. ఎంపికకు వచ్చిన పాతికమందిలో ఇంట్లో ఒప్పుకోలేదని పదిమంది మానేస్తే అది ఆటను తీసేయడం కాదా, కాస్త మెల్లగా? పైగా నేను అడుగుతున్నది దెబ్బే తగలనివ్వమన్న హామీ కాదు. అలాంటి హామీ ఎవరిచ్చినా అబద్ధమే, మా నాన్న నమ్మడు. వరికి గిట్టుబాటు ధర హామీలు చాలా విన్నాడు. దెబ్బ తగలకుండా ఏం చేస్తారో, తగిలాక ఎవరుంటారో చెప్పమంటున్నాను. ఇవి రెండూ కాలేజీ చేతిలో వున్నవే.

ఇంకొందరు మిత్రులు దీన్ని ఇంకోలా తీసుకున్నారు. "మగవాడి ఆటరా ఇది, దెబ్బలు తగలకపోతే మజా ఏముంది? నువ్వు ఐసు పెట్టెలు, ఫోన్లు అంటూ దీన్ని చంటిపిల్లల ఆట చేస్తున్నావు" అని. నేనూ కూత పట్టేవాణ్ణే. ముప్పై సెకన్లు ఊపిరి బిగించి, అవతల ఏడుగురి మధ్యలో బోనస్ గీత మీద ఒంటికాలు పెట్టి నిలబడ్డప్పుడు వుండే ఆ దడ, పట్టు విడిపించుకుని నడిగీతను వేళ్ళతో తాకినప్పటి ఆనందం, దాని ముందు నాకు ఏదీ నిలవదు. మోచేతులు దోక్కుపోవడం, బొటనవేలు బెణకడం ఆటలో భాగమే, వాటికి ఎవరూ ఏడవడం లేదు. అవి ఎవరి పొలాన్నీ తాకట్టు పెట్టించవు. తాకట్టు పెట్టించే దెబ్బల గురించే ఈ గోలంతా.

వచ్చే జట్ల ఎంపికకు ముందే ఈ రెండో పేజీ తయారు కావాలని, హాస్టల్లో పద్దెనిమిది మందిమి సంతకాలు చేసి ఒక విజ్ఞప్తి రాసి పెట్టుకున్నాం. యూనియన్ కార్యవర్గం ఒప్పుకుంటే జనరల్ బాడీలో పెడతాం. నేలకు మట్టి తోలడానికి మా క్లాసువాళ్ళలో ఇద్దరి ఇళ్ళల్లో ట్రాక్టర్లున్నాయి, డీజిలు ఖర్చు ఇస్తే చాలన్నారు. జట్టులో చేరే ప్రతివాడి తండ్రికీ ఒకసారి ఫోన్ చేసి గ్రౌండు చూడ్డానికి రమ్మని పిలవాలని కూడా అందులో రాశాం. వస్తారో రారో తెలియదు, నాట్ల రోజుల్లో అయితే రారు.

ఒక్క కోరిక మాత్రం ఆ విజ్ఞప్తిలో అందరికంటే ముందు రాయించాను. ఆ రెండు పేజీలూ తెలుగులో వుండాలి. ఇప్పుడు మా నాన్నలు సంతకం పెడుతున్న ఫారం ఇంగ్లీషులో వుంది.